పాలగిన్నె జరపండి, నూనె మూకుడు కదపకండి

ప్రశ్న: మాది తెనాలి. నాకు 62 ఏళ్లు. అమ్మాయి పురిటికని డాలస్ వచ్చి నెలన్నర అయింది. వీళ్ల అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ లేదు. నల్లటి గాజు పలక వేసిన కరెంటు పొయ్యి, దాని కిందే ఓవెన్. వచ్చిన మూడో రోజే పాలు పొంగిపోయాయి. స్టవ్ కట్టేశాక పొంగాయంటే ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒకరోజు ఒక నాబ్ బదులు ఇంకోటి తిప్పాను, పక్కన పెట్టిన ప్లాస్టిక్ మూత కరిగి గాజుకి అంటుకుపోయింది. మొన్న పోపు వేస్తే అలారం మోగి పసిపిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. "అత్తయ్యా, మీరు స్టవ్ దగ్గరికి రాకండి, నేను చూసుకుంటాను" అన్నాడు అల్లుడు. ప్రేమగానే అన్నాడు. కానీ 40 ఏళ్లు వండిన చేతులు కదా, మనసు చివుక్కుమంది. ఈ పొయ్యి ఎర్రగా వెలిగి, తనంతట తనే ఆరిపోయి, మళ్లీ వెలుగుతుంది. పాడైందేమో తెలియదు. సంక్రాంతికి అరిసెలు చేయాలని ఉంది. దీని మీద చేయొచ్చా?

జవాబు:

అక్కా, ముందు ఆ పాల సంగతి తేల్చేద్దాం. స్టవ్ కట్టేశాక పాలు పొంగాయన్న మీ మాట అక్షరాలా నిజం. ఇది చదివి అల్లుడుగారికి కూడా వినిపించండి.

గ్యాస్ పొయ్యికి నాబ్ తిప్పితే మంట ఆ క్షణమే పోతుంది. మనం 40 ఏళ్లుగా పాలు అలాగే కాస్తున్నాం. నురగ అంచుదాకా రాగానే చెయ్యి నాబ్ మీదికి వెళ్తుంది, పాలు కిందికి దిగుతాయి. ఈ గాజు పొయ్యిలో మంట లేదు. గాజు కింద చుట్టలు చుట్టిన లోహపు పట్టీ ఉంటుంది. కరెంటు పారితే అది ఎర్రగా కాలి, పైనున్న గాజుని కాలుస్తుంది, గాజు మీ గిన్నెని కాలుస్తుంది. మీరు నాబ్ తిప్పి కరెంటు ఆపినా, కాలిన పట్టీ, కాలిన గాజు అక్కడే ఉన్నాయి. వాటి వేడి ఇంకా కొన్ని నిమిషాలు గిన్నెలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే నురగ పైకొచ్చినప్పుడు నాబ్ వెతకొద్దు. గిన్నెని ఎత్తి పక్కనున్న చల్లటి బర్నర్ మీద పెట్టండి. నాబ్ తర్వాత నిదానంగా తిప్పుకోవచ్చు. ఈ ఒక్క అలవాటు చేతికొస్తే మీ కష్టాలు సగం తీరతాయి. అన్నం గంజి పొంగినా అంతే, పప్పు పొంగినా అంతే.

నేను అమెరికా వచ్చిన కొత్తలో అద్దెకున్న ఇంట్లో పాతకాలపు కాయిల్ స్టవ్ ఉండేది. జిలేబీలాగా చుట్టిన ఇనుప చుట్ట, కింద వెండిరంగు పళ్లెం. పాలు పొంగి ఆ పళ్లెంలో పడి, మాడి, మూడు రోజులు ఇల్లంతా కమురు వాసన. నాకెవరూ చెప్పలేదు, నాలుగుసార్లు పొంగించాక గానీ అర్థం కాలేదు. మీరు ఒక్కసారికే ఉత్తరం రాశారు, నాకంటే నయం.

ఎర్రగా వెలిగి ఆరిపోవడం గురించి అడిగారు. పాడవలేదు. మీరు నాబ్‌ని 5 దగ్గర పెట్టారనుకోండి, పట్టీకి సగం కరెంటు వెళ్లదు. పూర్తి కరెంటే వెళ్తుంది, కాసేపు వెళ్లి కాసేపు ఆగుతుంది. 5 అంటే సుమారుగా సగం సేపు వెలుగు, సగం సేపు విరామం అన్నమాట. గాజు మరీ వేడెక్కకుండా లోపల ఇంకో కాపలా కూడా ఉంటుంది, 'హై'లో పెట్టినా అది మధ్యలో ఆపుతుంది. కాబట్టి ఎరుపు పోయింది కదా అని చెయ్యి పెట్టకండి. ఈ పొయ్యిల మీద నాబ్‌ల దగ్గరో గాజు మీదో ఒక చిన్న ఎర్ర లైటు ఉంటుంది. స్టవ్ కట్టేసినా గాజు వేడిగా ఉన్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటు ఆరేదాకా అక్కడ ఏమీ పెట్టకూడదు, తుడవకూడదు. ఎరుపు రంగుని నమ్మకండి, ఆ లైటుని నమ్మండి.

కరిగిన మూత విషయంలో మీ తప్పు కొంతే. ఎక్కువ తప్పు ఆ ఇంటి అలవాటుది. గాజు పొయ్యి చదునుగా, శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్ని గట్టులాగా వాడేస్తారు. పోస్టులో వచ్చిన కాగితాలు, పేపర్ టవల్ చుట్ట, పాలసీసా మూతలు, కూరలు తరిగే చెక్క, అన్నీ దానిమీదే. నాలుగు బర్నర్లకి నాలుగు నాబ్‌లు వరసగా ఉంటే ఏది దేనిదో అక్కడే పుట్టి పెరిగినవాళ్లకీ తికమకే. ప్రతి నాబ్ పక్కన నాలుగు చుక్కల బొమ్మ ఉంటుంది, వాటిలో ఒక చుక్క నిండుగా ఉంటుంది. ఆ నాబ్ ఆ బర్నర్‌ది. అక్షరాలు కనపడకపోతే అమ్మాయి చేత తెలుగులో 'ముందు ఎడమ', 'వెనక కుడి' అని రాయించి అంటించండి. నాబ్ తిప్పాక ఐదు సెకన్లు ఆగి, ఏ వలయం ఎర్రబడుతోందో చూసి అప్పుడు గిన్నె పెట్టండి. ఇక పొయ్యి మీద గిన్నె తప్ప ఇంకేదీ ఉండకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. అల్లుడుగారితో సహా.

అంటుకుపోయిన ప్లాస్టిక్ ఇప్పుడు చల్లారి గట్టిపడి ఉంటుంది. అది పోయేదాకా ఆ బర్నర్ వెలిగించకండి, వెలిగిస్తే ఘాటైన పొగ వస్తుంది. గాజు పొయ్యిల కోసమే క్రీములాంటి క్లీనర్ అమ్ముతారు, దాంతోపాటు పిడి ఉన్న బ్లేడు కూడా. క్రీము రాసి, బ్లేడుని దాదాపు పడుకోబెట్టి, గీకకుండా నెట్టండి. నిలబెట్టి గీకితే గాజు మీద గీతలు పడతాయి. స్టీలు పీచు అసలు తేవద్దు. అద్దాలు తుడిచే నీలం మందు, బ్లీచ్ కూడా వద్దు, మరకలు శాశ్వతంగా ఉండిపోతాయి. రోజూ అయితే తడిగుడ్డ, కొంచెం వంటసోడా చాలు. గాజుకి బీటపడితే మాత్రం వాడటం ఆపేయండి. బీటలోంచి పాలో నీళ్లో కరెంటు దాకా దిగితే షాక్ కొడుతుంది. ఈ పొయ్యికి వచ్చేది 240 వోల్టులు, మామూలు గోడ ప్లగ్గుల్లో వచ్చే 120 కాదు. బ్రేకర్ బాక్సులో దీని స్విచ్ ఏదో ఇవాళే అమ్మాయిని అడిగి చూసి పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ కాబట్టి మరమ్మతు వాళ్ల ఆఫీసు చూసుకుంటుంది, మీరు విప్పే పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు అలారం. ఈ దేశంలో పొగ అలారం వంటింటికి దగ్గరలోనే ఉంటుంది, మన పోపు పొగ దానికి కొంప అంటుకున్నట్టే లెక్క. ఇక్కడ మన ఇళ్లలో నేను చూసిన విద్య ఒకటుంది: అలారానికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేయడం, లేదా బ్యాటరీ పీకి డ్రాయర్లో పడేయడం. దయచేసి ఆ పని చేయనివ్వకండి. పసిపిల్లాడు నిద్రపోతున్న ఇల్లది. అందుకు బదులు పోపుని వెనక బర్నర్ మీద వేయండి. పైన మైక్రోవేవ్ కిందో చిమ్నీలోనో ఉండే ఫ్యాన్ వెనక బర్నర్ల పొగనే బాగా లాగుతుంది. నూనె పెట్టడానికి ఒక నిమిషం ముందే ఫ్యాన్ వేయండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ఫ్యాన్ పొగని బయటికి పంపదు, జాలీలోంచి వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. కాబట్టి కిటికీ కూడా తీయాలి. ఆ జాలీని నెలకోసారి వేడినీళ్లలో సబ్బేసి కడగమనండి. మన ఇళ్లలో దాని నిండా జిడ్డే ఉంటుంది, ఆ జిడ్డు కూడా అంటుకుంటుంది.

ఇంకో మాట. ఎండుమిర్చి మాడితేనే ఆ ఘాటు. గ్యాస్ మీద మనం మూకుడు పెట్టి మంట పెద్దది చేస్తాం, ఆవాలు చిటపటమనగానే తగ్గిస్తాం. ఇక్కడ తగ్గించినా తగ్గదని చెప్పుకున్నాం కదా. 5 దగ్గర పెట్టి, రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా ఓపిక పట్టండి. ఆవాలు చిట్లగానే పోపుగరిటె ఎత్తేసి, మిగతా మిర్చి, కరివేపాకు పొయ్యి అవతలే వేయండి. ఆ వేడికే వేగిపోతాయి. నేను ఇప్పుడు ఇండియా వెళ్లినా పోపు అలాగే వేస్తున్నాను.

కుక్కర్‌కి మూడు కూతలు కావాలంటే రెండో కూతకే కట్టేయండి, మూడోది అదే వేస్తుంది. పుల్కాని మంట మీద పొంగించే ముచ్చట ఇక్కడ తీరదు. కాయిల్ స్టవ్ మీదైతే జాలీ పెట్టి కాల్చేవాళ్లున్నారు, గాజు మీద జాలీ వద్దు, వేడి మధ్యలో ఇరుక్కుని గాజుకి చేటు. పెనం మీదే గుడ్డతో అంచులు నొక్కండి, పొంగుతుంది. వంకాయ పచ్చడికి కాయకి నాలుగు గాట్లు పెట్టి ఓవెన్‌లో పైనుంచి కాలే 'బ్రాయిల్'లో పెట్టి తిప్పుతూ ఉండండి. గాట్లు మర్చిపోతే కాయ ఓవెన్‌లో పేలుతుంది. తెనాలి నుంచి ఇనుప దోసె పెనం తెచ్చుకునే ఉంటారు. దాని అడుగు గరుకుగా ఉంటే గాజు మీద ఈడ్చకండి, ఎత్తి పెట్టండి, ఎత్తి తీయండి. గుండ్రటి అడుగు మూకుడు మాత్రం ఇక్కడ పనికిరాదు. గాజుకి చుక్కంత ఆనుతుంది, మిగతాదంతా గాలిలోనే, పైగా ఊగుతుంది.

ఓవెన్ వెలిగించే ముందు తలుపు తీసి చూడండి. తెలుగువాళ్ల ఓవెన్ అంటే సగం ఇళ్లలో ఇంకో అల్మరా. మూకుళ్లు, మూతలు, ఒక్కోచోట చపాతీపిండి డబ్బా కూడా. ఎవరో ఒకరు చూడకుండా 400కి పెడతారు. ఈ అంకెలు ఫారెన్‌హీట్ అక్కా, 400 అంటే మన లెక్కలో 200 పైనే. ఓవెన్‌లో ఏదైనా అంటుకుంటే తలుపు తీయకూడదు. కట్టేసి, మూసే ఉంచితే గాలి అందక ఆరుతుంది. 'సెల్ఫ్ క్లీన్' అని ఇంకో మీట ఉంటుంది. లోపల జిడ్డు బూడిదయ్యేంత వేడి చేస్తుంది, పొగ వస్తుంది. పసిపిల్లాడు ఇంట్లో ఉన్నన్నాళ్లు దాని జోలికి పోకండి.

మనవడు ఇప్పుడు పొత్తిళ్లలో ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి పాకుతూ వంటింట్లోకి వస్తాడు, తెరిచిన ఓవెన్ తలుపు వాడికి మెట్టులా కనపడుతుంది. ఆ తలుపు మీద బరువు పడితే పొయ్యి మొత్తం ముందుకి ఒరుగుతుంది, పైనున్న మరిగే గిన్నెలతో సహా. అందుకే ఈ దేశంలో 1991 నుంచి పొయ్యి వెనక కాలుని పట్టి ఉంచే చిన్న ఇనుప కొక్కెం పొయ్యితోపాటే ఇస్తున్నారు. బిగించేవాళ్లు బద్ధకించి వదిలేయడం మామూలే. అడుగున ఉన్న డ్రాయర్ లాగి, టార్చి వేసి వెనక కాలు కొక్కెంలో ఉందో లేదో చూడమని అల్లుడుగారికి చెప్పండి. లేకపోతే అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టమనండి. మీరు పాలు పొంగించిన దానికంటే ఇది పెద్ద విషయమని ఆయనే ఒప్పుకుంటారు.

ఇక అరిసెలు. చేయొచ్చు. కానీ పద్ధతి కొంచెం మార్చాలి.

గాజు పొయ్యికి అసలు శత్రువు పాకం. నూనె పడితే తుడవొచ్చు, పప్పు పడితే నానబెట్టి తీయొచ్చు. బెల్లం పాకం వేడి గాజు మీద పడి చల్లారిందంటే గాజుని పట్టేసుకుంటుంది, ఊడేటప్పుడు గాజు పెచ్చుని కూడా తీసుకుని ఊడుతుంది, గుంట పడుతుంది. అందుకే అన్ని మరకలకీ 'చల్లారాక తుడవండి' అంటారు, తీపి మరకకీ, కరిగిన ప్లాస్టిక్‌కీ మాత్రం 'వేడిగా ఉండగానే తీయండి' అంటారు. పాకం చిందితే గిన్నె ఎత్తేసి, బర్నర్ కట్టేసి, చేతికి ఓవెన్ గ్లవ్ వేసుకుని, ఆ పిడి ఉన్న బ్లేడుతో పాకాన్ని చల్లటి గాజు వైపు నెట్టేయండి. ఇది మీరు చేయొద్దు, అమ్మాయి పక్కనుంటే అమ్మాయి, లేకపోతే అల్లుడు. పండక్కి ముందు ఆ బ్లేడు కొని పొయ్యి పక్కన పెట్టుకోండి.

పాకానికి చదునైన అడుగు, లోతైన గిన్నె తీసుకోండి, సగానికి మించి నింపకండి. పళ్లెంలో నీళ్లు పోసి ఉండ కట్టిందా లేదా చూసే పని మీకు నేను చెప్పాలా! కాకపోతే ఒక చిన్న తేడా. ఇక్కడ ఉండ కట్టేదాకా పొయ్యి మీద ఉంచితే, దించేలోపు ముదిరిపోతుంది. కట్టీకట్టనట్టు ఉన్నప్పుడే దించండి. పిండి కలిపేటప్పుడు గిన్నె పొయ్యి మీద అసలు ఉండకూడదు. తెడ్డుతో బలంగా తిప్పుతాం, ఒకరు గిన్నె పట్టుకోవాలి, ఆ దెబ్బలు గాజు ఓర్చుకోదు. నేల మీద తడిగుడ్డ చుట్ట పెట్టి, దానిమీద గిన్నె పెట్టి, ఊళ్లో లాగే కూర్చుని కలపండి.

వేయించడం దగ్గర మాత్రం నేను కొంచెం గట్టిగా చెప్తాను. పాలగిన్నె జరపమన్నాను కదా, నూనె మూకుడిని ఎట్టి పరిస్థితిలోనూ జరపకూడదు. కాగిన నూనె ఎత్తబోయి ఒలికించుకుని కాళ్లు కాలిన వాళ్లని చూశాను. జరపడానికి లేదు, నాబ్ తిప్పితే వెంటనే తగ్గదు. అంటే మొదటి నుంచే వేడి పెరగనివ్వకూడదు, అదొక్కటే దారి. చదునైన అడుగున్న మూకుడులో నూనె మూడో వంతు మించకుండా పోయండి. 5, 6 మధ్య పెట్టండి, 'హై' వైపు చూడకండి. నూనె కాగడానికి పావుగంట పట్టినా పట్టనివ్వండి. వంటకి వాడే థర్మామీటరు దొరుకుతుంది, ముంచితే 340, 350 ఫారెన్‌హీట్ మధ్య చూపించాలి, అంటే మన 170, 175. లేదా చిటికెడు చలిమిడి వేయండి, అడుగుకి వెళ్లి నిదానంగా తేలితే సరి. ఒక వాయి తీసి ఇంకో వాయి వేసేలోపు ఆలస్యమైతే ముందు నాబ్ తగ్గించండి. ఖాళీగా కాగే నూనె చాలా తొందరగా వేడెక్కుతుంది.

నూనె పొగలు కక్కితే కట్టేసి అక్కడే నిలబడండి, కదపకండి. మంట అంటుకుంటే పక్కనే సిద్ధంగా పెట్టుకున్న మూతని పక్కనుంచి జరిపి మూసి, కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయకూడదు. పోస్తే నీళ్లు ఆవిరై నూనెని మంటతో సహా పైకి చిమ్ముతాయి. మూత పెట్టినా ఆగకపోతే పిల్లాడిని తీసుకుని అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. ఇక్కడి అగ్నిప్రమాదాల లెక్కలు తీసే ఎన్‌ఎఫ్‌పీఏ ఏళ్ల తరబడి చెప్తున్న మాట ఏమిటంటే, ఇళ్లలో మంటలకి మొదటి కారణం వంట, అందులోనూ పొయ్యి మీద పెట్టి పక్కకి వెళ్లడం. గ్యాస్ ఇళ్లకంటే కరెంటు పొయ్యి ఉన్న ఇళ్లలోనే ఆ ప్రమాదం ఎక్కువట. మంట కనపడదు కాబట్టి మర్చిపోతాం. పిల్లాడు ఏడ్చినా, ఇండియా నుంచి ఫోన్ వచ్చినా, నూనె దగ్గరున్నవాళ్లు కదలకూడదు. కదలాలంటే కట్టేసి కదలాలి.

పొగ, వాసన అని కొందరు గ్యారేజీలో ప్రొపేన్ సిలిండర్ పొయ్యి పెట్టి వేయిస్తారు. ఆ సలహా ఎవరైనా ఇస్తే వినకండి. మూసిన చోట ఆ మంటకి విషవాయువు చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు.

చీర కొంగు నడుముకి దోపుకోండి, అమ్మాయి చున్నీ తీసేయమనండి. మంట లేదు కదా అనుకుంటారు, ఎర్రగా కాలిన గాజుకి పాలియెస్టర్ తగిలితే చాలు. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏదీ పూయకుండా, కుళాయి కింద మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టండి. ఐసు కూడా వద్దు.

అరిసెలు చెక్కతో నొక్కేటప్పుడు నూనె కారుతుంది కదా, ఆ నొక్కే పళ్లెం పొయ్యి మీద కాకుండా గట్టు మీద ఒక అడుగు ఎడంగా పెట్టుకోండి. చివరి వాయి అయ్యాక మూకుడు ఎక్కడున్నది అక్కడే, మూత పెట్టి, రాత్రంతా వదిలేయండి. ఎర్ర లైటు ఆరిపోయినా నూనె చాలాసేపు వేడిగానే ఉంటుంది. పొద్దున వడకట్టి సీసాలో పోసుకోండి, కనుమ నాడు గారెలకి పనికొస్తుంది.